ముద్ర మారిన చిప్పు: ఒక దొడ్డిదారి చరిత్ర

2009 చివరి రోజుల్లో, అమెరికా నౌకాదళం కోసం బోయింగ్ సంస్థ తయారుచేస్తున్న పీ-8ఏ పొసైడన్ నిఘా విమానాల్లో ఒకదానిలో ఒక చిన్న పరికరం మొరాయించింది. విమానం ఒంటిమీద మంచు పేరుకుంటే పసిగట్టి పైలట్‌ను హెచ్చరించడం దాని పని. దాన్ని సరఫరా చేసిన బీఏఈ సిస్టమ్స్ ఇంజనీర్లు విప్పి చూస్తే, ఒక చిప్పు తన స్థానంలోంచి ఊడిపోయి పెట్టెలో దొర్లుతూ కనిపించింది. అది జైలింక్స్ కంపెనీ పేరున్న ఎఫ్‌పీజీఏ. కొత్తదని నమ్మి డబ్బిచ్చి కొన్నది. పరీక్షిస్తే తేలిందేమిటంటే, అది అంతకు ముందే ఏదో యంత్రంలో పనిచేసి అరిగిన సరుకు. ఎవరో దాన్ని పెరికి, పైపొర గీకి, కొత్త ముద్ర వేసి మళ్ళీ బజారుకెక్కించారు.

అది వచ్చిన దారి కూడా తర్వాత బయటపడింది. బీఏఈకి అమ్మినది కాలిఫోర్నియాలోని ఒక పరీక్షా సంస్థ. ఆ సంస్థకు అమ్మినది ఫ్లోరిడాలోని ఒక పంపిణీదారు. ఆ పంపిణీదారుకు అమ్మినది చైనాలోని షెన్‌జెన్ నగరపు వ్యాపార సంస్థకు అనుబంధమైన మరో కంపెనీ. ఇన్ని చేతులు మారినా ఒక్క చేతికీ అనుమానం రాలేదు. వచ్చినా నోరు విప్పలేదు. బీఏఈ ఈ సంగతిని బోయింగ్‌కు 2010 జనవరిలో చెప్పింది. బోయింగ్ నౌకాదళానికి చెప్పింది 2011 ఆగస్టులో, అదీ అమెరికా సెనేట్ సాయుధ దళాల సంఘం ఆరా తీయడం మొదలుపెట్టాకే. ఆ ఏడాది నవంబరులో కార్ల్ లెవిన్, జాన్ మెకెయిన్ నాయకత్వంలో ఆ సంఘం జరిపిన బహిరంగ విచారణలో ఇదంతా రికార్డుకెక్కింది.

ఆ కాలంలోనే, 2009 జనవరిలో, అదే విమానపు భారతీయ రూపమైన పీ-8ఐ యంత్రాలు ఎనిమిదింటికి భారత్ ఒప్పందం చేసుకుంది. ఖరీదు సుమారు 210 కోట్ల డాలర్లు. మొదటి విమానం 2013 మేలో తమిళనాడులోని అరక్కోణంలో ఉన్న ఐఎన్‌ఎస్ రాజాలికి చేరింది. తర్వాత మరో నాలుగు కొన్నారు. డోక్లాం ప్రతిష్టంభన రోజుల్లో, లద్దాఖ్ సంక్షోభంలో ఈ సముద్ర నిఘా విమానాలే హిమాలయాల మీద కూడా తిరిగాయి. ఊడిపడిన ఆ చిప్పుకూ భారత విమానాలకూ లంకె కలపడం ఇక్కడ ఉద్దేశం కాదు. ప్రపంచంలోకెల్లా అతి పెద్ద రక్షణ బడ్జెట్, అతి కఠినమైన కొనుగోలు నిబంధనలు ఉన్న దేశమే పాత చిప్పును కొత్తదనుకుని కొన్నప్పుడు, సగం జీవితం దొడ్డిదారిన కొనుక్కుంటూ గడిపిన దేశం సంగతేమిటన్నదే ప్రశ్న.

ఈ వ్యవహారంలో ఎఫ్‌పీజీఏకే ఎందుకింత గిరాకీ అన్నది ముందు తెలుసుకోవాలి. మామూలు చిప్పు శిలాశాసనం లాంటిది. కర్మాగారంలో ఏం చెక్కారో అదే దాని బతుకు. ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్పు పలక లాంటిది. కొన్నవాడు తనకు కావలసిన తర్కాన్ని దానిమీద రాసుకుంటాడు. ఈ పలకకు కూడా ఒక వంశవృక్షం ఉంది. 1978లో మోనోలిథిక్ మెమరీస్ సంస్థ తెచ్చిన పాల్ చిప్పుల్లో సన్నటి ఫ్యూజులుండేవి. అక్కర్లేని వాటిని కాల్చేస్తే మిగిలినదే సర్క్యూట్. కాలిన ఫ్యూజు తిరిగి అతుక్కోదు కనుక, ఒకసారి వాడిన చిప్పు ఇంకెవరికీ పనికిరాదు. 1980ల నడుమ ఆల్టెరా, లాటిస్ సంస్థలు చెరిపి మళ్ళీ రాయగల రకాలను తెచ్చాయి. ఇంజనీర్లకు అదొక వరం. పాత సామాను వ్యాపారికి అంతకంటే పెద్ద వరం. చెరపగలిగిన చిప్పునే సెకండ్ హ్యాండ్‌గా అమ్మగలరు. అమ్మగలిగిన దాన్నే కొత్తదని చెప్పి కూడా అమ్మగలరు. లాటిస్ తన గ్యాల్ చిప్పులకు ఇచ్చిన హామీ కనీసం 100 సార్లు చెరిపి రాయవచ్చని. ఆ వందలో ఎన్ని ఖర్చయ్యాయో మాత్రం చిప్పు మీద ఎక్కడా రాసి ఉండదు.

ఓటింగ్ యంత్రాల మీద ఈ దేశంలో జరిగిన దీర్ఘ వివాదం వెనుక ఉన్నదీ ఈ చెరుపుడు ప్రశ్నే. అందులోని మైక్రోకంట్రోలర్‌లో ప్రోగ్రాం ఒక్కసారే రాయగలమని, తిరిగి రాయలేమని ఎన్నికల సంఘం మొదటినుంచీ చెబుతున్న మాట. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు, ఓడిన అభ్యర్థుల్లో రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు కోరితే ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు శాతం యంత్రాల చిప్పులను తనిఖీ చేయాలని ఆదేశించింది. తనిఖీ చేసేది ఆ యంత్రాలు తయారుచేసిన సంస్థల ఇంజనీర్లే. చిప్పులో ఏముందో బయటివాడు చూసి తేల్చుకోవడం ఎంత కష్టమో న్యాయస్థానమే ఆ విధంగా ఒప్పుకున్నట్టయింది.

ఇక ఎఫ్‌పీజీఏ. జైలాగ్ కంపెనీలో పనిచేసిన రాస్ ఫ్రీమన్ అనే ఇంజనీరు, బెర్నార్డ్ వాండర్‌ష్మిట్, జేమ్స్ బార్నెట్‌లతో కలిసి 1984లో జైలింక్స్‌ను స్థాపించాడు. మరుసటి ఏడాది వారి మొదటి చిప్పు ఎక్స్‌సీ2064 వచ్చింది. అందులో తర్కపు గదులు 64. తయారుచేసినది జపాన్‌లోని సైకో. సొంత కర్మాగారం లేకుండా చిప్పుల కంపెనీ నడపవచ్చని లోకానికి చూపిన తొలి సంస్థల్లో జైలింక్స్ ఒకటి. ఫ్రీమన్ 1989లోనే కన్నుమూశాడు. తన పలక ఎంత దూరం వెళ్తుందో చూడలేకపోయాడు. ఆ కంపెనీకి హైదరాబాదులో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఏర్పడింది. 2022లో ఏఎండీ ఆ కంపెనీని కొన్నాక కూడా అది నడుస్తోంది. అంటే, చిప్పు పనిచేయించే సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం మాదాపూర్ ప్రాంతంలో రాస్తారు, చిప్పు తైవాన్‌లో తయారవుతుంది, ఆ చిప్పు ముసలిదయ్యాక గ్వాంగ్‌డాంగ్‌లో దానికి పునర్జన్మ. చివరికి కోఠి గుజరాతీ గల్లీలోనో, బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, అంతకంటే ఎక్కువగా ఫోన్ తెర మీదనో అది భారతీయ కొనుగోలుదారుకు ఎదురవుతుంది.

భారతదేశానికి ఈ పలకతో ఉన్న బంధం సంఖ్యల బంధం. ఫోన్లు తయారుచేసేవాడికి ఒకే రకం చిప్పు కోట్లలో కావాలి. అతడు సొంత డిజైను చేయించుకుంటాడు. ఉపగ్రహాలు, రాడార్లు, క్షిపణులు, రైల్వే సిగ్నళ్ళు, ఆసుపత్రి పరికరాలు తయారుచేసేవాడికి పదుల్లో, వందల్లో చాలు. అంత కొద్దిపాటి సంఖ్యకు ప్రత్యేక చిప్పు చేయించడం పీనుగకు పట్టుచీర కట్టినంత దండగ. కనుక ఎక్కడో తయారైన ఖాళీ పలక కొని, మన తర్కం మనమే రాసుకోవడం తెలివైన పని. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఖాళీ పలక సైతం దేశంలో తయారు కాకపోవడం, దానికోసం ఎప్పుడూ ఎవరో ఒకరి దయ మీద ఆధారపడటం మాత్రం తెలివితో సంబంధం లేని చరిత్ర.

ఆ చరిత్రలో ఒక అధ్యాయం మొహాలీది. అక్కడ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ పెట్టాలని కేంద్రం 1976లో నిర్ణయించింది. 1984లో ఉత్పత్తి మొదలైంది. అమెరికన్ మైక్రోసిస్టమ్స్ అనే సంస్థ నుంచి తెచ్చుకున్న ఐదు మైక్రాన్ల పరిజ్ఞానంతో ఆరంభం. తైవాన్‌లో టీఎస్‌ఎంసీ అప్పటికింకా పుట్టనైనా లేదు. అది వచ్చింది 1987లో. 1989 ఫిబ్రవరి 7న మొహాలీ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. మళ్ళీ ఉత్పత్తి మొదలు పెట్టడానికి 1997 దాకా పట్టింది. ప్రపంచ చిప్పుల పరిశ్రమ తన రూపురేఖలన్నీ మార్చుకున్న ఎనిమిదేళ్ళవి. ఆ మంటల వెనుక కుట్ర ఉందా లేదా అని నేటికీ వాదించుకునేవారున్నారు. కాలిపోయిన కర్మాగారాన్ని తిరిగి లేపడానికి ఎనిమిదేళ్ళు తీసుకున్న ప్రభుత్వాల మీద అంత వాదన ఎన్నడూ జరగలేదు. కుట్ర గురించి మాట్లాడుకోవడంలో ఉన్న రుచి అలసత్వం గురించి మాట్లాడటంలో ఉండదు కాబోలు.

రెండో అధ్యాయం పోఖ్రాన్‌ది. 1998 మే 11, 13 తేదీల్లో అణుపరీక్షలు జరిగాయి. ఆ నవంబరులో అమెరికా వాణిజ్య శాఖ తన నిషేధిత సంస్థల జాబితాను భారతీయ పేర్లతో నింపింది. ఇస్రో, డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ వంటివి అందులో చేరాయి. తేలికపాటి యుద్ధ విమానపు నియంత్రణ వ్యవస్థ మీద అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి పనిచేస్తున్న భారతీయ ఇంజనీర్లను ఉన్నపళంగా వెళ్ళిపొమ్మన్నారు. ఆ విమానం 2001 జనవరి 4న గాలిలోకి లేచింది. అది నిజంగా గర్వించదగ్గ సంగతే. అయితే ఆ గర్వం కథ మాత్రమే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. తలుపు మూసుకున్నప్పుడు విడిభాగాలు ఎలా వచ్చాయన్నది అమెరికా కోర్టు కాగితాల్లో ఉండిపోయింది.

2007 మార్చిలో దక్షిణ కరోలినాలో ఒక చిన్న ఎగుమతి సంస్థ అధిపతిని అరెస్టు చేశారు. అతడికి సింగపూర్‌లోనూ, బెంగళూరులోనూ కార్యాలయాలుండేవి. విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి, భారత్ డైనమిక్స్‌కు, యుద్ధ విమానం మీద పనిచేస్తున్న బెంగళూరు ప్రయోగశాలకు మెమరీ చిప్పులు, కెపాసిటర్లు, మైక్రోప్రాసెసర్ల వంటివి లైసెన్సు లేకుండా పంపాడన్నది అభియోగం. సరుకు ముందు సింగపూర్‌కు, అక్కడినుంచి భారత్‌కు. ఆఖరి వాడకందారు ఎవరో చెప్పే ధ్రువపత్రాలు తప్పుడువి. అతడు నేరం ఒప్పుకున్నాడు. 2008లో 35 నెలల జైలుశిక్ష పడింది. చంద్రయాన్-1 ఎగిరినదీ, అమెరికాతో అణు ఒప్పందం సంతకమైనదీ ఆ ఏడాదే. భారత్ డైనమిక్స్ సహా తొమ్మిది సంస్థల పేర్లను అమెరికా జాబితా నుంచి తొలగించినది 2011 జనవరిలో, ఒబామా ఢిల్లీ వచ్చి వెళ్ళాక.

ఈ కేసును చాలామంది దేశభక్తి కళ్ళద్దాలతో చూశారు. అన్యాయంగా మూసిన తలుపును చాకచక్యంగా తప్పించుకున్నాం అన్నది ఆ చూపు. ఆంక్షల్లో అన్యాయం ఉంది కూడా. కానీ ఇక్కడ నిలబడి చూడాల్సినది మరొకటి. ఆ కథలో చిప్పులు అసలువి, కాగితాలు నకిలీవి. సరుకు నాణ్యతపై కొన్నవాడికి బెంగ లేదు. ఎందుకంటే అది తయారీదారు గిడ్డంగి నుంచే బయలుదేరింది. కానీ ప్రభుత్వ సంస్థలు, వాటి గుత్తేదారులు, దళారులు కలిసి అలవాటు చేసుకున్న పద్ధతి ఏమిటి? ఎక్కడినుంచి వచ్చిందని అడగకపోవడం. అడిగితే సమాధానం ఇబ్బందికరం కనుక అడగకపోవడమే మర్యాద. పదేళ్ళు గడిచేసరికి దొడ్డిదారిలో సరుకు మారిపోయింది. కాగితాలు నిక్షేపంలా అసలువే వస్తున్నాయి. చిప్పులే నకిలీవి. అడగకపోయే అలవాటు మాత్రం అలాగే ఉంది.

నకిలీ అన్నప్పుడు చాలామంది ఊహించేది ఎవరో కూర్చుని చిప్పును తిరిగి తయారుచేశారని. అలాంటి పని దాదాపు ఎవరూ చేయరు; దానికి వేల కోట్ల కర్మాగారం కావాలి. నకిలీ అంటే ఎక్కువ భాగం పాతదే. సంపన్న దేశాలు పారేసిన కంప్యూటర్లు, టెలికాం బోర్డులు చాలా ఏళ్ళపాటు చైనాలోని గ్వీయు పట్టణానికి చేరేవి. అక్కడ బోర్డును మంట మీదో, బొగ్గుల కుంపటి మీదో వేడి చేసి టంకం కరగగానే చిప్పులు పెరికేవారు. నీళ్ళలో కడిగి ఆరబెట్టి, పరిమాణాన్ని బట్టి వేరుచేసేవారు. తర్వాత పైపొరను గరుకు కాగితంతో రుద్ది పాత అక్షరాలు చెరిపేసి, దానిమీద నల్లటి పూత పూసి, లేజరుతో కొత్త అక్షరాలు చెక్కడం. కాళ్ళు వంగితే సరిచేయడం, అడుగున గోళీలున్న రకమైతే కొత్త గోళీలు అతికించడం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇంత అక్షరాలా సరిపోయే సరుకు మరొకటి ఉండదు. 2015 ప్రాంతంలో ప్రభుత్వం గ్వీయు ఇళ్ళలోని పనిని పారిశ్రామిక వాడలోకి తరలించింది. పని ఆగలేదు, చెదిరింది. ఢిల్లీ సీలంపూర్ సందుల్లో బోర్డులు విప్పే కార్మికులు, మొరాదాబాద్‌లో రాంగంగ ఒడ్డున బోర్డుల్ని కాల్చి రాగి, బంగారం తీసే కుటుంబాలు ఇదే లోకపు మరో కొసన బతుకుతున్నాయి. వారి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే సీసానికి ఏ ముద్రా అక్కర్లేదు.

ఈ వ్యాపారానికి ఎఫ్‌పీజీఏ అంత అనువైనది మరొకటి లేకపోవడానికి కారణం ఒక్క అక్షరం. జైలింక్స్ చిప్పు మీద పొడుగాటి సంకేతం చివర సీ అని ఉంటే అది సాధారణ వాణిజ్య రకం. లోపలి సిలికాన్ 0 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుందని హామీ. ఐ అని ఉంటే పారిశ్రామిక రకం. మైనస్ 40 నుంచి 100 దాకా. వేగపు తరగతిని తెలిపే అంకె మరొకటి ఉంటుంది. అది పెరిగితే ధరా పెరుగుతుంది. ఈ రకాలన్నిటి లోపలి సిలికాన్ ఒక్కటే. కర్మాగారంలో పరీక్షించి, ఏది ఎంత తట్టుకుందో చూసి ముద్ర వేస్తారు. అంటే ధరలోని తేడా మొత్తం ముద్రలో ఉంది. సీని చెరిపి ఐ అని చెక్కినవాడికి ఖర్చు కొన్ని పైసలు.

దీన్ని పట్టుకోవడం ఎలా? కేబుల్ తగిలించి జేట్యాగ్ అనే ద్వారం గుండా చిప్పును పేరడిగితే 32 బిట్ల గుర్తింపు సంఖ్య చెబుతుంది. అందులో కుటుంబం, పరిమాణం తెలుస్తాయి. చిన్న చిప్పు మీద పెద్ద చిప్పు పేరు రాసిన మొరటు మోసగాడు ఇక్కడ దొరికిపోతాడు. కానీ వేగపు తరగతి, ఉష్ణోగ్రత తరగతి ఆ సంఖ్యలో ఉండవు. హైదరాబాదు ప్రయోగశాలలో ఏసీ గదిలో కూర్చోబెట్టి పరీక్షిస్తే సీ రకం కూడా ఐ రకంలాగే బుద్ధిగా పనిచేస్తుంది. దాని అసలు రంగు సియాచిన్ చలిలోనో, మే నెల జైసల్మేర్ ఎండలోనో బయటపడుతుంది. అప్పటికి బిల్లు చెల్లించి, గ్యారంటీ ముగిసి, ఫైలు మూసి ఉంటారు. ఇంకో రకం ఉంది, అంతరిక్షంలో వాడే యాంటీఫ్యూజ్ చిప్పులు. వాటిని ఒక్కసారే రాయగలరు. వాడినది కొంటే అది ఎవరో రాసి పారేసిన పలక; దానితో చేయగలిగింది ఏమీ లేదు. ఒక విధంగా అది నిజాయితీ గల నష్టం. మొదటి రోజే తెలిసిపోతుంది. మోసమంతా పనిచేసే చిప్పులోనే ఉంది.

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఒక ప్రయోగం చేసింది. ఒక ఉత్తుత్తి కంపెనీని సృష్టించి, ఆన్‌లైన్ బజార్లలో సభ్యత్వం తీసుకుని, సైనిక పరికరాల్లో వాడే చిప్పులు కావాలని ప్రకటించింది. 396 మంది వ్యాపారులు స్పందించారు. వారిలో 334 మంది చైనావారు. చివరికి 16 చిప్పులు కొన్నారు. 2012 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక ప్రకారం పదహారూ అనుమానాస్పదమే. వాటిలో ఏడు నిజమైన, కానీ అరుదైన సంఖ్యలవి. ఐదింటిమీద ఉన్న తేదీలు ఆ చిప్పుల ఉత్పత్తి ఆగిపోయిన తర్వాతివి. మిగిలిన నాలుగు మరీ విచిత్రం. అసలు లోకంలో లేని సంఖ్యలు కల్పించి అడిగితే, ఉన్నాయని చెప్పి ఆ ముద్రలతో సరుకు పంపారు. అడిగిన పేరల్లా పెట్టి బిడ్డను ఎత్తుకొచ్చి ఇచ్చినట్టు.

సెనేట్ సంఘం 2012 మేలో ఇచ్చిన నివేదిక 2009, 2010 సంవత్సరాల్లోనే సుమారు 1,800 అనుమానిత ఘటనలను, పది లక్షలకు పైగా విడిభాగాలను లెక్కగట్టింది. ఆచూకీ తీయగలిగిన వాటిలో 70 శాతానికి పైగా చైనాకు చేరాయి. సంఘం సిబ్బంది స్వయంగా చూడాలని హాంకాంగ్ దాకా వెళ్తే, ప్రధాన భూభాగంలోకి వీసా ఇవ్వలేదు. అయినా ఆ విచారణ ఫలితం లేకుండా పోలేదు. 2011 డిసెంబరు 31న ఒబామా సంతకం చేసిన రక్షణ చట్టంలోని 818వ నిబంధన, నకిలీ భాగాలు మార్చే ఖర్చును ప్రభుత్వం మీదికి నెట్టకుండా కాంట్రాక్టర్ల నెత్తినే పెట్టింది. తెలిసినది తెలియజేయడం తప్పనిసరి చేసింది. అంతమాత్రాన బజారు మూతపడిందని కాదు. 2019లో కాలిఫోర్నియాలో ఒక వ్యాపారికి 46 నెలల శిక్ష పడింది. చైనా నుంచి తెప్పించిన పాత చిప్పులకు జైలింక్స్, అనలాగ్ డివైసెస్, ఇంటెల్ ముద్రలు వేసి కొత్తవిగా అమ్మినందుకు.

భారత చట్టాల్లో ఈ నేరానికి సూటిగా సరిపోయే గది వెతకడం కష్టం. 2000లో పార్లమెంటు సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్ డిజైన్ చట్టాన్ని ఆమోదించింది. పేరు వింటే ఇదే మందు అనిపిస్తుంది. కానీ అది రక్షించేది చిప్పు లోపలి డిజైనును. పాత చిప్పుకు కొత్త ముద్ర వేసినవాడు డిజైనును కాపీ కొట్టలేదు. లోపలున్నది అసలు కంపెనీ డిజైనే. కనుక ఆ చట్టం అతడి పక్కనుంచి వెళ్ళిపోతుంది. మిగిలింది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. తప్పుడు ముద్ర వేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు. 2007 నాటి కస్టమ్స్ నియమాల కింద సరిహద్దులోనే సరుకు ఆపవచ్చు, కానీ అందుకు సాధారణంగా ముద్ర యజమాని తన హక్కును కస్టమ్స్ దగ్గర నమోదు చేయించుకుని ఉండాలి. అంటే నకిలీ చొక్కాకూ, నకిలీ ఎఫ్‌పీజీఏకూ చట్టం దృష్టిలో తేడా లేదు. నష్టపోయినది బ్రాండు యజమాని. ఆ చిప్పు పెట్టిన సిగ్నల్ పెట్టె మీద ప్రాణాలు పెట్టుకున్న ప్రయాణికుడు కాదు.

దీనికి తోడు ఎల్1 పద్ధతి. సాంకేతిక అర్హత దాటినవారిలో అతి తక్కువ ధర చెప్పినవాడికే కాంట్రాక్టు. నిజాయితీగా అధీకృత పంపిణీదారు దగ్గర కొనేవాడు పది రూపాయలంటే, ఆన్‌లైన్ బజారులో దొరికినదాన్ని పెట్టేవాడు ఆరంటాడు. ఇద్దరి కాగితాల మీదా ఒకే పార్ట్ నంబరు ఉంటుంది. ఆడిటరు అడిగే ప్రశ్న పది ఎందుకిచ్చావని; ఆరుకు ఎలా వచ్చిందని కాదు. చిప్పుల్లోనే అనేమీ లేదు. 2017లో సీబీఐ నమోదు చేసిన ఒక కేసులో, ధనుష్ ఫిరంగుల కోసం జబల్పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీకి చైనా బేరింగులను జర్మనీ ముద్రతో అంటగట్టారన్నది ఆరోపణ. బేరింగును కోసి చూడవచ్చు. చిప్పును కోస్తే చిప్పు ఉండదు. 2025 ఫిబ్రవరిలో సైన్యం కోసం ఉద్దేశించిన 400 డ్రోన్ల కాంట్రాక్టులను, వాటిలో చైనా భాగాలు తేలాయన్న కారణంగా రద్దు చేశారు. అది మెచ్చుకోవలసిన చర్యే. అయితే అది చైనా అని తెలిసిన భాగాల సంగతి. అమెరికా ముద్రతో, తైవాన్ సిలికాన్‌తో, షెన్‌జెన్ పాలిష్‌తో వచ్చిన చిప్పును ఏ దేశపు ఖాతాలో రాయాలో ఏ ఫారంలోనూ గడి లేదు.

కొరత వచ్చినప్పుడల్లా ఈ బజారు పొంగుతుంది. 2020 తర్వాతి రెండేళ్ళ చిప్పుల కరువులో అధీకృత పంపిణీదారులు ఏడాదికి పైగా ఆగమన్నారు. 2021 సెప్టెంబరులో మారుతీ తన ఉత్పత్తి మామూలులో 40 శాతానికి పడిపోవచ్చని ప్రకటించింది. మారుతీ లాంటి సంస్థ కనీసం ఆగగలదు. బాలానగర్‌లోనో, పీణ్యలోనో ఇరవై మందితో నడిచే కంపెనీ ఆగితే జీతాలు ఆగుతాయి. అలాంటి యజమాని తెల్లవారుజామున రెండింటికి ఫోన్‌లో వెతికి, పది రెట్ల ధరకు స్టాక్ ఉందన్న వ్యాపారికి ముందుగా డబ్బు పంపడాన్ని అత్యాశ అని కొట్టిపారేయడం సులభం. అతడి ముందు ఇంకో తలుపు తెరిచి ఉందా అన్నది చూడాలి. 1998లో ప్రభుత్వ ప్రయోగశాలలకు ఎదురైన స్థితే 2021లో ఆ చిన్న యజమానికీ ఎదురైంది. అప్పుడు తలుపు మూసింది వాషింగ్టన్. ఇప్పుడు మూసింది బజారు. వెళ్ళిన దారి ఒక్కటే.

డిసెంబరు 2021లో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకాన్ని ప్రకటించింది. మొహాలీ ప్రయోగశాల 2006లో అంతరిక్ష శాఖ కిందికి వెళ్ళింది, 2022లో తిరిగి ఎలక్ట్రానిక్స్ శాఖకు వచ్చింది. అక్కడ 180 నానోమీటర్ల స్థాయిలో తయారైన విక్రమ్ ప్రాసెసర్‌ను 2025 సెప్టెంబరులో ప్రధానికి అందజేశారు. రాకెట్లకు అది సరిపోతుంది. ధొలేరా, సాణంద్ శంకుస్థాపనల ఫొటోల్లో ఎక్కడా కనిపించని చిన్న వార్త ఒకటి 2024 ఆరంభంలో వచ్చింది. స్పార్టాన్-2, స్పార్టాన్-3 కుటుంబాలను, కూల్‌రన్నర్, ఎక్స్‌సీ9500ఎక్స్‌ఎల్ సీపీఎల్‌డీలను ఆపేస్తున్నామని ఏఎండీ ప్రకటించింది. చివరి ఆర్డర్లకు గడువు ఆ ఏడాది జూన్ నెలాఖరు. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లో ఒక తరం విద్యార్థులు తొలి సర్క్యూట్ రాసుకున్న పలకలు ఈ స్పార్టాన్-3లే. ఇరవై ఏళ్ళుగా పారిశ్రామిక నియంత్రణ పెట్టెల్లో, ప్రయోగశాలల పరికరాల్లో చేరినవీ అలాంటివే. ఆ పరికరాలకు ఇంకా పదిహేనేళ్ళ ఆయుష్షు ఉంది. గడువులోగా లెక్కవేసి నిల్వ కొనిపెట్టుకున్న సంస్థలకు ఇబ్బంది లేదు. అధీకృత నిల్వదారుల దగ్గర కొంత సరుకు మరికొంత కాలం దొరుకుతుంది. ఆ తర్వాత ఒక బోర్డు పాడైన రోజున, స్టోర్స్ అధికారి టెండరు నోటీసులో పాత పార్ట్ నంబరునే రాస్తాడు. కొత్తది, వాడనిది, ఒరిజినల్ ప్యాకింగ్‌లో అని కింద షరతు కూడా పెడతాడు. వారం తిరక్కుండా అన్ని షరతులూ తీర్చే కొటేషన్లు వచ్చి పడతాయి.